ప్రయాణములో పిల్లలను లెక్కించుడి

ధ్యానమునకు వాక్యభాగములు: లూకా 2:41–50, 1 కొరింథీయులకు 9:24–27, కీర్తన 42



వానలు పడి వాగులు పారనారంభించిన వెంటనే మన సంఘ కుటుంబములలో ప్రయాణపు మాట పుట్టుచున్నది. నాట్లు ముగిసి కొంచెము తీరిక దొరకగానే రెండు మూడు ఇండ్లవారు కలిసి ఒక బండి కుదుర్చుకొని, పులిహోరయు జొన్నరొట్టెలును సద్ది కట్టుకొని, తెల్లవారకముందే వర్ధన్నపేటనుండి బయలుదేరుచున్నారు. పెద్దలు బోగత జలపాతమును చూడవలెనందురు. పిల్లలు ఆటల మైదానములను, గెలిచినవారి కప్పులను, పతకములను చూడవలెనందురు. “అయ్యగారూ, ఇట్టి విహారములు విశ్వాసులకు తగునా?” అని కొందరు మమ్మును అడిగిరి. తప్పక తగును. కొండలను కలుగజేసినవాడు మన తండ్రియే. పరుగెత్తు కాళ్లను ఇచ్చినవాడును ఆయనయే. అయితే అడిగినవారిని మేమును ఒక ప్రశ్న అడుగుచున్నాము: మీ బండిలో ఎవరెవరు ఎక్కిరి? ఇంటిలో ఎవరు మిగిలిరి?

సువార్తలో ఒక కుటుంబ ప్రయాణము కలదు. యోసేపు మరియలు ఏటేటా పస్కాపండుగకు నజరేతునుండి యెరూషలేమునకు వెళ్లుచుండిరి. పండ్రెండేండ్ల యేసు వారితో ఉన్న ఆ సంవత్సరము తిరుగు ప్రయాణములో ఏమి జరిగెనో చూడుడి. ఒక దినపు దారి నడచినదాక ఆయన తమతో లేడని వారు గమనించలేదు. వారు ఆయనను ద్వేషించి విడువలేదు, మరచియు విడువలేదు. “చుట్టములతో ఎక్కడనో ఉండునులే” అని అనుకొనిరి, అంతే. పిల్లలు తప్పిపోవుటకు ఈ “ఉండునులే” అను మాట చాలును. వెదకుటకు మూడు దినములు పట్టెను. ఈ వాక్యమును మనస్సున పెట్టుకొని ఈ నెల మనము ఊహలో ఒక ప్రయాణము చేయుదము.

మొదట, బహుమానములున్న చోటు

లోకములో ఆటలకొరకు గొప్ప ప్రదర్శనశాలలు కలవు. స్విట్జర్లాండు దేశములోని లౌసాన్ పట్టణమున 1993లో తెరచిన ఒలింపిక్ ప్రదర్శనశాలలో అనేక దేశముల క్రీడాకారుల వస్తువులను భద్రపరచిరి. గ్రీసు దేశములో కొరింథునకు సమీపమున ఇస్త్మియా అను చోట మరియొక ప్రదర్శనశాల ఉన్నది. ఇది మనకు మరింత ముఖ్యమైనది. అక్కడ రెండేండ్లకొకసారి గొప్ప ఆటలు జరిగెడివి. పరుగెత్తువారందరు ఒక్కసారే బయలుదేరునట్లు త్రాళ్లు లాగుటకు రాతిపలకలమీద చెక్కిన గాడులు నేటికిని అచ్చట కనబడుచున్నవి. పౌలు ఒకటిన్నర సంవత్సరము కొరింథులో నివసించి డేరాలు కుట్టెను గనుక, ఆ ఊరివారికి పందెపు మాట చెప్పినప్పుడు వారెరిగిన సంగతినే చెప్పెను. అచ్చట గెలిచినవానికి పెట్టిన కిరీటము బంగారముది కాదు. అది దేవదారువంటి చెట్టు రెమ్మలతో అల్లినది. కొంతకాలము ఎండిన ఆకుకూర కాడలతోనే అల్లిరి. వారము తిరుగకముందే రాలిపోవు ఆ ఆకులకొరకు ఒకడు నెలల తరబడి తిండిని, నిద్రను, కోరికలను అదుపులో పెట్టుకొనెను. అట్లయితే వాడిపోని దానికొరకు మనమెంత జాగ్రత్తగా బ్రదుకవలెనని పౌలు తర్కము.

అంత దూరము మనమెవ్వరము పోజాలము, పోనవసరమును లేదు. మన పొరుగుననే పర్వతగిరి మండలములో కల్లెడ అను గ్రామమున్నది. ఆ ఊరినుండి వర్ధినేని ప్రణీత అను విలుకత్తె 2008లో బీజింగు ఒలింపిక్ ఆటలకు వెళ్లెను. ఆ ఊరిలోనే జీవాంజి దీప్తి 2003లో పుట్టెను. ఆమె తల్లిదండ్రులు కూలిపని చేసికొని బ్రదికినవారు. నేర్చుకొనుటలోను మాటలాడుటలోను ఆమె తోటి పిల్లలకంటె వెనుకబడి యుండెను. ఎగతాళి చేసినవారుండిరి, ఆ బిడ్డను ఎక్కడనైన అనాథశాలలో విడిచిపెట్టుడని సలహా చెప్పినవారును ఉండిరట. తల్లిదండ్రులు విడువలేదు. బడిలో వ్యాయామము నేర్పినవారు ఆమె పరుగును చూచిరి. తరువాత శిక్షకుడు నాగపురి రమేష్ ఆమెను హైదరాబాదుకు రప్పించి తర్ఫీదు చేసెను. 2024 మే నెలలో జపాను దేశపు కోబే నగరమున ఆమె 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, తన వర్గములో ప్రపంచములో ఎవరును అంతవరకు పరుగెత్తని వేగమును చూపెను. అదే సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్ ఆటలలో కాంస్య పతకము గెలిచెను.

ఇందులో రెండు సంగతులు గమనించుడి. మొదటిది: మే నెలలో ఆమె నెలకొల్పిన ఆ ప్రపంచ రికార్డు సెప్టెంబరులోనే పారిస్‌లో టర్కీ దేశపు యువతి చేతికి పోయెను. నాలుగు నెలలైన నిలువలేదు. లోకపు కిరీటము ఎంత మంచిదైనను అది చేయి మారుచునే యుండును. రెండవది: పతకము చేయి మారినను ఆ తల్లిదండ్రులు చేసినది చేయి మారదు. “విడిచిపెట్టుడి” అన్న నోళ్లమధ్య తమ బిడ్డను విడువక పట్టుకొనిన ఆ చేతులను ఏ గాజుపెట్టెలోను పెట్టి చూపరు. పిల్లలకు పతకపు బొమ్మను చూపునప్పుడు ఆ చేతులనుగూర్చియు చెప్పుడి.

సరిగా నూరేండ్ల వెనుక, అదే పారిస్‌లో, అదే 400 మీటర్ల పందెములో ఎరిక్ లిడెల్ అను స్కాట్లండు యువకుడు 1924 జూలైలో బంగారు పతకము గెలిచెను. అతడు ముఖ్యముగా 100 మీటర్ల పరుగువాడు. అయితే ఆ పందెపు తొలి పరుగులు ఆదివారమున పడుటచేత దానిని వదులుకొని, తనకు అంతగా అలవాటు లేని దూరము పరుగెత్తి, 47.6 సెకండ్లలో గెలిచెను. మరుసటి సంవత్సరమే చైనా దేశమునకు మిషనెరీగా వెళ్లెను. యుద్ధకాలమున జపానువారి నిర్బంధ శిబిరములో పడి, అచ్చటి పిల్లలకు చదువును ఆటలను నేర్పుచు, 1945 ఫిబ్రవరిలో అచ్చటనే ప్రభువునందు నిద్రించెను. పారిస్‌లో వేలమంది చప్పట్లు కొట్టిరి; ఆ శిబిరములో తల్లిదండ్రులకు దూరమైన పిల్లలే అతని చుట్టు ఉండిరి. ఏది అక్షయమైన కిరీటమో మీరే చెప్పుడి.

తరువాత, నీరు దుముకు చోటు

హనుమకొండమీదుగా ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారము దాటి, ముల్లకట్టవద్ద గోదావరి వంతెన ఎక్కి వాజేడు మండలము చేరినయెడల బోగత వచ్చును. సుమారు ముప్పది అడుగుల ఎత్తునుండి చీకుపల్లి వాగు వెడల్పుగా దుముకుచు, చివరకు గోదావరిలో కలియును. మేమును సకుటుంబముగా పోయి చూచితిమి. ఆ హోరులో ప్రక్కనున్నవాని మాట వినబడదు. తుంపరలు ముఖముమీద పడుచుండగా ముసలివారును చిన్నపిల్లలవలె నవ్వుచుందురు.

అయితే ఒక సంగతి ఆలోచించుడి. మనము నిలిచి చూచుచోట ఆ నీరు పుట్టలేదు. మనకు కనబడని కొండలలో, మనము లేని రాత్రులలో కురిసిన వాన అది. పైన వాన నిలిచినయెడల క్రింద అందము నిలువదు. ఎండకాలమున అచ్చట రాళ్లమధ్య సన్నని ధార మాత్రమే మిగులును. గెలిచినవాని పతకమును ఇట్టిదే. అది కనబడు దుముకు. కనబడని వాన ఇంటిలో కురియవలెను. తల్లి ప్రార్థన, తండ్రి ఓర్పు, గురువు చూపు — ఇవే ఆ వాన.

నలువదిరెండవ కీర్తనను పాడిన భక్తుడు యొర్దాను ఊటలయొద్ద, హెర్మోను కొండల ప్రాంతమున, దేవుని మందిరమునకు దూరమై యుండెను. ఆ కొండల క్రింద నేటికిని నీళ్లు రాళ్లమీదనుండి హోరుమని దుముకుచున్నవి. మనకు ఆ ధ్వని విహారము. అతనికది తన దుఃఖమే మీదపడి ముంచుచున్నట్లు వినబడెను. పండుగ జనసమూహముతో కలిసి నడచిన దినములను తలంచుకొని అతడు ఏడ్చెను. ప్రియులారా, గుంపులోనుండి విడువబడినవాని కీర్తన ఇది! అయినను అతడు తన ప్రాణమునే గద్దించి, దేవునియందు నిరీక్షణ ఉంచుమని దానికి చెప్పుకొనెను. మనమందరము జలపాతమునకు పోయి నవ్వుచున్నప్పుడు, ఇంటిలో మిగిలిన ఒకరు ఈ కీర్తనను మాటలు లేకుండ పాడుచుండవచ్చును.

జలపాతము ఇంకొక పాఠమును చెప్పును. 2023 జూలైలో వెంకటాపురము మండలపు అడవిలోని ముత్యాలధార జలపాతమును చూడబోయినవారు, వెనుక వాగు పొంగుటచేత రాత్రివేళ అడవిలో చిక్కుకొనిరి. వారు సుమారు ఎనుబదిమంది. విపత్తు రక్షణ దళమువారును పోలీసులును పోయి వారిని బయటకు తెచ్చిరి. రక్షించువారు లెక్క చూచుకొనిరేగాని, వీడు బలవంతుడు, వీడు బలహీనుడు అని ఎంచలేదు. ఒక్కడు తక్కువైనను పని ముగియలేదు. తొంబదితొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకిన కాపరి లెక్కయు అదియే.

మన ఇండ్ల సంగతి

ఇప్పుడు మనసులోని మాట చెప్పుచున్నాము. గృహదర్శనమునకు పోయినప్పుడు కొన్ని ఇండ్లలో ముందరి గదిలో చదువుకొను పిల్లలు, గోడమీద వారి బహుమతి పత్రములు కనబడును. వెనుక గదిలో ఇంకొక బిడ్డ ఉండును. మాట సరిగా రాదు, బుద్ధి ఎదుగలేదు. అతిథి వచ్చినప్పుడు ఆ బిడ్డను బయటకు రానియ్యరు. పెండ్లికి తీసికొనిపోరు, ఆరాధనకును తీసికొనిరారు. “నలుగురు నవ్వుదురయ్యగారూ” అందురు. ఆ తల్లి కండ్లలోని నీటిని మేము చూచితిమి. ఆమెను నిందించుటకు మాకు నోరు రాదు. నవ్వు ఆ నలుగురే మారవలెను. ఆ నలుగురు ఎవరు? ఆదివారమున మన బల్లలమీద కూర్చుండువారే కదా! ఆ బిడ్డ ఆరాధనలో కేక వేసినప్పుడు తల త్రిప్పి చూచు మనమే ఆ తల్లిని వెనుక గదిలోనికి త్రోయుచున్నాము.

కావున ఈ సంవత్సరము ప్రయాణము పెట్టుకొను కుటుంబములకు కొన్ని మాటలు. అప్పు చేసి పోవద్దు, దొరికినంతలోనే పోవుడి. ఆదివారపు ఆరాధనను మానుకొని పోవద్దు. వాగు పొంగినప్పుడు అటవీశాఖవారు పోవద్దన్న చోటికి పోవద్దు. కంచె దాటుట ధైర్యము కాదు. బండిలో చోటు చూచునప్పుడు, వెనుక గదిలోని బిడ్డకును మూలమంచముమీది అవ్వకును మొదట చోటు చూచి, మిగిలినచోట మీరు కూర్చుండుడి. అవ్వ ప్రయాణమునకు తాళలేనియెడల ఆమెయొద్ద ఒకరుండి, తిరిగివచ్చినవారు చూచినదంతయు కూర్చుండి చెప్పవలెను. పొరుగువారి ఇంటిలో అట్టి బిడ్డ ఉన్నయెడల, ఆ తల్లి చేయి నొప్పిపుట్టకుండ మీరు కొంతసేపు ఆ బిడ్డను పట్టుకొనుడి. పందెములో ఓడిన బిడ్డకును గెలిచిన బిడ్డతో సమానముగా అన్నము వడ్డించుడి.

బండి కదలకముందు యింటి పెద్ద ఒక్కసారి పిల్లలను లెక్కించవలెను. “ఉండునులే” అనవద్దు. మన పరమ తండ్రి అట్లు అనలేదు. మనము దూరముగా ఉన్నప్పుడే మనలను లెక్కలో పెట్టుకొని తన కుమారుని పంపెను.

ప్రార్థన

కొండలను, వాగులను, మా కాళ్లను కలుగజేసిన తండ్రీ, మా ప్రయాణములను కాపాడుము. గెలుపు వచ్చినప్పుడు గర్వమునుండియు, ఓటమి వచ్చినప్పుడు నిరాశనుండియు మా పిల్లలను తప్పించుము. మేము వెనుక గదులలో దాచిన బిడ్డలను వెలుగులోనికి తెచ్చుటకు మాకు ధైర్యమును, వారిని చేర్చుకొనుటకు మా సంఘమునకు ప్రేమను దయచేయుము. కడపటి దినమున నీ యింటి గుమ్మమునొద్ద మాలో ఒక్కరును తక్కువ కాకుండ చేయుమని మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.