కంఠస్థవిద్యయు హస్తవిద్యయు

విద్యలలో నోటితో నొప్పచెప్పదగినవి కొన్ని, చేతితో చేసి చూపదగినవి కొన్ని. ఈ రెండవ తెగకు చెందిన యొక పరీక్షను గూర్చి మా పూర్వశిష్యు డొకడు మొన్నటి వేసవి సెలవులలో కల్లూరికి వచ్చి మమ్మొక ప్రశ్న యడిగెను. దానికి సరియైన యుత్తర మిచ్చితిమో లేదో మాకింకను తెలియదు. చదువరులును ఆలోచింతురుగాక యని యిచట వ్రాయుచున్నాము.

ఆ పరీక్ష పేరు సీసీఐఈ. కంప్యూటర్ల నొకదానితో నొకటి కలుపు యంత్రములను చేయు సిస్కో కంపెనీవారు 1993లో దీనిని నెలకొల్పిరి. అభ్యర్థి యెనిమిది గంటలు కూర్చుండి, మూడు గంటలు నెట్‌వర్కు కూర్పును గూర్చి యోచించి, తక్కిన యైదు గంటలు దానిని స్వయముగా కట్టి, నడపి, చెడినచోట బాగుచేయవలెను. మావాడు దీనికై బెంగుళూరు పోవలెను. రుసుము వేయిన్నర డాలర్లకు పైమాట; తప్పినచో మరల చెల్లింపవలసినదే. ఒక వింత: ఈ పట్టములలో మొదటి సంఖ్యయగు 1024 ఏ మనుష్యునికిని గాక పరీక్ష జరుగు ప్రయోగశాలకే యిచ్చిరట! రెండును పదిమార్లు హెచ్చవేసిన వచ్చు సంఖ్య యది; లెక్కలవారి సరసము.

మావాడు ఇంజనీరింగు ముగించి, అమీర్‌పేటలో ఈ విద్య నేర్చి, హైదరాబాదులో చిన్న కొలువు చేయుచు, రెండేండ్లుగా రాత్రులు మేల్కొని చదువుచున్నాడు. తండ్రికి సాగరు కాలువ క్రింద కొంచెము పొలము. ఆ యేటి మిరపడబ్బే పరీక్షరుసుము. అట్టివానికి ఎవరో పరీక్షలో వచ్చు కూర్పును, ప్రశ్నలను, జవాబులను ఉన్న దున్నట్లు అమ్మజూపిరి. మచ్చునకు కొన్ని పుటలు ఊరకనే యిచ్చిరి. దీనిని ‘డంపు’ అందురట.

“మాస్టారూ! నాతోడివారు కొనుచున్నారు. నేను కొనకున్న చెడునది నే నొక్కడనే. నాన్న డబ్బు రెండవమారు రాదు. ఇది తప్పా?” అని యడిగెను.

తప్పని వెంటనే చెప్పుటకు మాకు నోరాడలేదు. పరీక్షల నెల రాగానే ‘ముఖ్యప్రశ్నలు’ అని పిల్లలచేత గుర్తులు పెట్టించువారము మేమే. బాల్యమున అర్థ మెరుగక అమరము వల్లించినవారము. వల్లించుటయే పాపమైనచో మాకంటె పాపు లెవరు? కాని యాలోచింపగా వల్లెవేతలో రెండు జాతులు కనబడినవి. పాణిని సూత్రములు వల్లించినవాడు తా నెన్నడు వినని మాటను గూడ సాధింపగలడు. డంపు వల్లించినవాడు తాను చూచిన ముడినే విప్పగలడు. ఈ తేడాను పట్టుటకే కాబోలు, 2009 ఫిబ్రవరిలో సిస్కోవారు సొంతమాటలలో జవాబు వ్రాయవలసిన ప్రశ్నలను కొన్నిటిని చేర్చిరి. అవి చిరకాలము నిలువలేదు, డంపులు నిలిచినవి. పైగా ప్రతి యభ్యర్థియు ప్రశ్నలను బయటపెట్టనని యొప్పుకొనియే పరీక్షకు కూర్చుండును గనుక, అమ్మువాడు అమ్మునది యొకని మాటతప్పుటనే.

“కష్టకాలమున ఆపద్ధర్మ మున్నదని మీరే చెప్పితిరి గదా!” అనెను మావాడు. ఉన్నది. ఛాందోగ్యమున ఉషస్తి కథ యున్నది. కరవున ఆకలిచే కృశించిన యా విద్వాంసుడు ఏనుగులవాని యెంగిలి గుగ్గిళ్లను తినెను. వాడే యెంగిలి నీరీయగా వలదనెను. గుగ్గిళ్లు లేకున్న ప్రాణము నిలువదు, నీరు మరియొకచోట దొరకును, అని యాతని లెక్క. మావానికిని ఇంటనే నీరున్నది: ఆ కంపెనీయే ఊరక యిచ్చు ప్యాకెట్ ట్రేసర్ (ఈ పరీక్ష కంతటికి చాలదు గాని), పాతసామాను బజారున కొన్న రెండు రూటర్లు. కాని ఈ మాట చెప్పుచుండగనే మాకు గొంతు తడబడినది. మిరపడబ్బు పోవుటకును ప్రాణము పోవుటకును నడుమ మా పల్లెలలో ఎంత దూరమో మే మెరుగుదుము. గుగ్గి ళ్లేవో నీ రేదో తినువాడు చెప్పవలెగాని పెట్టనివాడు చెప్పుట సులభము.

అంతట నతడు సంచిలోని రూటర్లను మా వసారాలో అమర్చి, మచ్చుపుటలలోని యొక చిక్కును చేసి చూపెను. ఓఎస్‌పీఎఫ్ అను పద్ధతిలో రెండు రూటర్లు మొదట పలుకరించుకొని, పిదప తమకు తెలిసిన దారుల వివరములను మార్చుకొనును. ఒకదాని మూటల పరిమితి 1500 బైట్లు, రెండవదానిది 1400 అయినచో పలుకరింపులు జరుగును, చిన్నమూటలు పోయివచ్చును. మార్పిడి మాత్రము మొదటనే ఆగిపోవును. పుటలోని జవాబు ఒక్క వరుస: ఆ తేడాను చూడవద్దని యంత్రమునకు చెప్పు ఆజ్ఞ. మావాడు టకటక కొట్టగానే రెండును కలిసినవి.

మాకు యంత్రవిద్య రాదు. కావున పల్లెటూరి ప్రశ్న వేసితిమి: “తగవు చూడవద్దంటివి గాని, తగవు తీరినదా నాయనా? పెద్దమూట పోవునా?”

తక్కువ పరిమితిగల రూటరునుండి, ముక్కలు చేయవద్దని చెప్పి, 1500 బైట్ల మూటలను పంపి చూచెను. ఒక్కటియు పోలేదు. తెరమీద వరుసగా చుక్కలు పడినవి.

ఆ యాజ్ఞయే తప్పని మేమనము. తెలిసి వాడువానికి దానికిని చోటుండును. కాని యా తీగ చివర ఖమ్మములో నొక యాసుపత్రి యున్నదనుకొందము. చిన్నసందేశములు పోవును, ఎక్స్‌రే బొమ్మ నిలిచిపోవును, అర్ధరాత్రి డాక్టరు ఎదురుచూచుచుండును. రెండు రూటర్లును తాము కలిసియే యున్నామని చెప్పుచుండును.

“ఇది పరీక్షలో అడుగరు, మాస్టారూ,” అనెను. అని, తన మాట తానే విన్నట్లు ఊరకుండెను.

కొంతసేపటికి ఆ వరుసను తీసివేసి మొదటినుండి వెదక నారంభించెను. నడుమ కరెంటు పోయినది. చీకటిలో సెల్‌ఫోను వెలుగున నోటుపుస్తకముపై బొమ్మలు గీయుచు కూర్చుండెను. కరెంటు రాగానే రెండువైపుల పరిమితిని 1500 చేసెను, పెద్దమూట పోయివచ్చినది. అప్పటికి రాత్రి పదకొండు.

తెల్లవారి బస్సెక్కునప్పుడు పరీక్షతేదీని జరుపుకొనెదనని చెప్పెను. ఆ పుటలను చింపెనో దాచుకొనెనో మే మడుగలేదు. బస్సు కదలిన పిమ్మట తండ్రి మాత్రము, తేదీ జరిపినందుకు మరల డబ్బు కట్టవలెనా యని మమ్మడిగెను. తెలియదని చెప్పితిమి.