గుంజే బలం, ఆపే బలం

బైరెడ్డిపల్లెలో ఒక బోరుబండి యజమాని ఉండేవాడు. అసలే మెట్టసీమ, చెరువు ఎండితే రైతుకు బోరే దిక్కు. అందుకే అతని బండికి ఎప్పుడూ పని. బండి వెంట తిరిగే కుర్రాళ్లు మాత్రం పొలాల్లో, లారీ కింద టార్పాలిన్ పరుచుకుని పడుకునేవాళ్లు. ఒక వానరాత్రి వాళ్ల తడిసిన దుప్పట్లు చూసి యజమాని మనసు చివుక్కుమంది. పైపులు మోసే పాత లారీ వెనక చక్రాల గది ఒకటి తగిలిస్తే ఆరుగురూ పొడిగా పడుకుంటారు అనుకున్నాడు. పనివాళ్ల నిద్ర గురించి ఇంత ఆలోచించే యజమానులు అరుదు.

పలమనేరు షెడ్డులో ముసలి మేస్త్రి అంతా విని ఒకటే అడిగాడు.

"గుంజేదానికి మీ ఇంజను చాలు సామీ. ఆ గదిని ఆపేది ఎవురు?"

"లారీ ఆగితే అదీ ఆగతాది గదా!"

మేస్త్రి ఒప్పుకోలేదు. గదికి సొంత బ్రేకులుండాలి, లారీ నుంచి వాటికి రెండు గాలి గొట్టాలు పోవాలి అన్నాడు. ఒకటి గది కింది ట్యాంకును ఎప్పుడూ గాలితో నింపుతుంది. రెండోది డ్రైవరు పెడలు తొక్కగానే ఆ ఒత్తిడిని వెనక్కి చేరవేస్తుంది. కొక్కెం ఊడి గది విడిపోతే మొదటి గొట్టం తెగుతుంది, గాలి పోగానే గది బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. నీళ్ల ట్యాంకు వెనక కొసన పెట్టొద్దనీ చెప్పాడు. వెనక బరువెక్కితే కొక్కెం మీద భారం తగ్గి, వేగం అందుకోగానే గది అటూ ఇటూ ఊగుతుంది.

ఖర్చెక్కువ, ఆలస్యమూ అవుతుందని యజమాని ఇంకో షెడ్డులో కొక్కెం వెల్డింగు చేయించి బండి కట్టేశాడు. బైరెడ్డిపల్లె నుంచి పలమనేరు దాకా సాఫీగా సాగింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

తర్వాత చిత్తూరు వైపు పని పడింది. పలమనేరు దాదాపు 680 మీటర్ల ఎత్తులో ఉంటే చిత్తూరు 300 పైచిలుకు. మధ్యలో మొగిలి ఘాట్ దిగాలి. ఘాట్‌కు ముందే ఒక చిన్న పల్లంలో డ్రైవరు బండి పక్కకు తీసి, చక్రాలకు రాళ్లు పెట్టాడు.

"ఏమప్పా, ఇంజను చాల్లేదా?"

"ఇంజను బంగారంనా. ఎనక నుంచి గది తోస్తాంది. ఘాట్లో దీన్ని నేను పట్టలేను."

"ఇంత చిన్న గదికే భయమా?"

డ్రైవరు తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. "మీరే తోలండి. పిల్లోల్ని మాత్రం ఈడ్నే వదిలేసి పోండి."

యజమాని సీట్లో కూర్చున్నాడు. ముందు పల్లం, అద్దంలో తను కట్టించిన గది, ఆ గదిలో ఆరుగురు. చాలాసేపు స్టీరింగు పట్టుకుని అలాగే ఉండి, దిగివచ్చి తాళంచెవి తిరిగి ఇచ్చేశాడు. బండిని మెల్లగా మేస్త్రి దగ్గరికే మళ్లించారు. ఈసారి గదికి బ్రేకులూ గొట్టాలూ పడ్డాయి, నీళ్ల ట్యాంకు ముందుకు జరిగింది.

నీతి: బరువు తగిలించుకునే ముందు గుంజగలనా అని అందరూ చూసుకుంటారు. పల్లంలో ఆపగలనా అని చూసుకున్నవాడే వెనక ఉన్నవాళ్లను కాపాడతాడు. మంచి మనసుతో కట్టినా లోపం లోపమే.

రెండో బోరుకు అప్పు తెచ్చే రైతుకూ ఇదే వర్తిస్తుంది. నీళ్లు పడితే వాయిదాలు ఎలా కట్టాలో లెక్క వేస్తాడు. పడకపోతే ఎక్కడ ఆగాలో కూడా అప్పుపత్రం మీద సంతకానికి ముందే ఇంట్లోవాళ్లతో తేల్చుకోవాలి.

ఇక లారీ వెనక ఏదైనా కట్టించాలనుకునే అన్నలకు ఒక మనవి. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి, తర్వాతే షెడ్డుకు వెళ్లండి. బండి కదులుతున్నంతసేపూ వెనక గదిలో ఎవరినీ ఉంచకండి.