తూకమునకు వేసిన బొమ్మరైలు

సంతలో కొనువాని నోటి మాట ఒకటి, ఇంటికి పోవుచు అతడు తనలో తాననుకొను మాట మరియొకటి. ఈ సంగతి సామెతల గ్రంథము నాటికే పాతపడినది. 20వ అధ్యాయము 14వ వచనము తీసి చూడుడి. సరకును ఈసడించి, వెల దించి, ఆ మీదట తన తెలివికి తానే మురిసిపోవు మనిషి అక్కడ కనబడును. మన ఎడ్ల సంతలలో తువాలు చాటున వేళ్లు పట్టి బేరమాడు దళారులు అతని వంశస్థులే. ఆ మనిషి తప్పు చేసెనని చెప్పుటకు పెద్ద ఆలోచన అక్కరలేదు, అతడు అబద్ధమాడెను. అయితే అబద్ధమేమియు ఆడక, సరకును తక్కువ చేయక, తనకు తెలిసిన విలువను మాత్రము అమ్మువానికి చెప్పకుండ కొనువాని మాట ఏమి? అతడు దోషియా, నిర్దోషియా?

ఈ నెల మేము ఈ ప్రశ్ననే ఎత్తుకొనుచున్నాము. ఎద్దులను, పొలములను ఉదాహరణగా తీసికొందుమా, వాటి విషయమై మనలో ప్రతివానికిని ముందే ఒక పక్షముండును. కావున మనకెవరికిని పొత్తు లేని వస్తువొకటి చూతము. అది పిల్లలాడుకొను బొమ్మరైలు.

హైదరాబాదులో యూసుఫ్‌గూడకు, బోరబండకు చేరువగా రహమత్ నగరు అను పేట కలదు. జూబిలీ హిల్సు, ఫిల్ము నగరు మేడలు ఎంతో దూరము లేవు. ఆ మేడలలో అంట్లు తోమువారును, తోటలు చూచువారును, సినిమా స్టూడియోలలో దీపములు మోయువారును ఇట్టి పేటలలో ఇరుకు గదులు అద్దెకు తీసికొని బ్రదుకుదురు. మన పల్లెలనుండి పొట్టకూటికై పోయిన వారును వారిలో నుందురు. అట్టి ఒక సహోదరికి, ఇల్లు ఖాళీ చేయుచున్న యజమానురాలు అటకమీది పాత అట్టపెట్టె నొకటి ఇచ్చెననుకొందము. అందులో రేకు ఇంజను, నాలుగు రైలుపెట్టెలు, గుండ్రముగా అమర్చెడు పట్టాలు, తిప్పెడు తాళముచెవి ఉన్నవి. పాత సామాన్ల బండి సందులోనికి వచ్చినది. బండివాడు కాటా తీసి, ఇనుము కిలో ఇంత అని లెక్క చెప్పుచున్నాడు. అంతలో ఆ దారిన పోవు పెద్దమనిషి ఒకడు నిలిచి, “అమ్మా, అతడిచ్చు దానికి నేను మూడింతలిత్తును, నాకిమ్ము” అనెను. ఆమె సంతోషముగా ఇచ్చెను. ఆయన చెప్పినంతయు ఇచ్చెను. ఆ పెట్టె ఆమె నెల జీతమునకు ఎన్నో రెట్లు పలుకునని ఆయన ఎరుగును, ఆమె ఎరుగదు. ఇదే మన వ్యాజ్యెము.

రేకు బొమ్మ అంత వెల పలుకుట నిజమా యని మీరడుగుదురు. నిజమే. జర్మనీ దేశమందలి గొప్పింగెన్ పట్టణములో 1859లో మొదలైన మార్క్‌లిన్ కంపెనీవారు 1891లో లైప్‌జిగ్ సంతలో, ఒకే కొలతకు చేసిన పట్టాలమీద నడచు బొమ్మరైళ్లను చూపించిరి. అమెరికాలో 1900లో లయొనెల్ కంపెనీ పుట్టెను. దాని మొదటి బండి అంగడి కిటికీలో జనుల చూపు లాగుటకు పెట్టినదే గాని అమ్మకమునకు కాదు. వచ్చినవారు కిటికీలోని బండినే కొనుటకు అడిగిరట. ఇంగ్లండులోని లివర్‌పూల్ పట్టణమున ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన పేరిటి రైళ్లను తెచ్చెను. ఆ పట్టణములోని ఆ కర్మాగారము 1979లో మూతపడెను. చిన్ననాడు ఆ బండ్లతో ఆడుకొన్నవారు, ఇంకను ఎక్కువగా ఆడుకొనవలెనని ఆశపడి పొందలేకపోయినవారు, పెద్దవారై డబ్బు చేతికి వచ్చిన పిమ్మట వాటిని వెదకి కొనసాగిరి. అమెరికాలో 1954లోనే ఇట్టివారు ఒక సంఘముగా కూడిరి.

మన దేశములో చూడగోరువారు మూసీనది దక్షిణపు ఒడ్డునున్న సాలార్‌జంగు మ్యూజియమునకు పోవచ్చును. మూడవ సాలార్‌జంగు అను మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912 మొదలు 1914 వరకు నిజాము ప్రభువునకు ప్రధానిగా నుండి, ఆ పిమ్మట తన ఆస్తిని వస్తుసేకరణలోనే వెచ్చించెను. ఆయన పెండ్లాడలేదు, పిల్లలు లేరు. అయినను ఆయన కూర్చిన వస్తువులలో బొమ్మలు కలవు, బొమ్మరైలును కలదు. 1949లో ఆయన చనిపోయెను. 1951 డిశెంబరు 16వ తేదీని జవహర్‌లాల్ నెహ్రూగారు దివాన్ దేవిడీలో ఆ సేకరణను ప్రజలకు తెరచిరి. 1968లో అది ఇప్పటి భవనమునకు మారెను. కూలివాని బిడ్డయు నేడు టిక్కెట్టు కొని ఆ అద్దముల ముందు నిలువవచ్చును. సేకరణ యంతయు లోభమని కొందరు బోధకులు చెప్పుట మేము వినియున్నాము గాని, ఆ మాటతో మేము ఏకీభవింపము.

అయితే ఈ వస్తువుల వెల నడచు తీరు మాత్రము వింతగా నున్నది. 1957లో లయొనెల్ వారు ఆడపిల్లలకని గులాబిరంగు ఇంజనుతో ఒక రైలు చేసిరి. అది అమ్ముడుపోలేదు. నిజమైన ఇంజను నల్లగా నుండునని పిల్లలకు తెలియును గదా! ఎవరికిని అక్కరలేని ఆ బండియే, అక్కరలేకపోవుటచేత కొద్దిగా మిగిలి, తరువాత సేకరించువారు పోటీపడి కొను వస్తువాయెను. మరియు బిడ్డ చేతిలో అరిగి, రంగు పోయి, పట్టా తప్పి సొట్టపడిన బండికి తక్కువ వెల, పెట్టె విప్పని దానికి మిక్కుటమైన వెల. ఆ అట్టపెట్టె చినుగకుండ ఉండినయెడల దానికే వేరుగా ధర కట్టుదురు. ఆటకు చేసిన వస్తువు ఆడకుండుటచేత విలువ పొందుచున్నది. తలాంతును భూమిలో దాచి, తళతళలాడుచుండగా యజమానునికి తిరిగి అప్పగించిన దాసుడు ఈ సంతలో గొప్ప మర్యాద పొందియుండును!

అట్లని ఆ వెల నిలుకడగా నుండునా యనిన, అదియు లేదు. ఇప్పటికి 80, 90 యేండ్ల క్రిందట పోతపోసిన జింకు లోహపు భాగములలో, సీసము వంటి మలినము కలిసినవాటికి ఒక రోగము పుట్టును. తడి తగులుచు ఏండ్లు గడచినకొలది చక్రములు ఉబ్బి, బీటలు వారి, కడకు చేతిలో పొడియగును. పెట్టె విప్పకుండ దాచినను ఆ రోగము ఆగదు. ఇది లోహము సంగతి. మనుష్యుల సంగతి ఇంకొకటి. ఆ బండ్లను చిన్ననాడు కోరుకొన్న తరము ముసలిదై కాలము చేయుచుండగా, వారి బిడ్డలకు ఆ కోరిక లేదు. ఇంటర్నెట్టు వేలములు వచ్చిన మీదట, అరుదనుకొన్న బండ్లు ప్రతి దేశపు అటకమీదను ఉన్నవని తెలిసినది. కావున సామాన్యమైన బండ్ల వెల చాల పడిపోయెను, బహు అరుదైనవి మాత్రము నిలిచినవి. ఒకని చిన్ననాటి ఆశమీద నిలిచిన ధర వానితోనే మన్నగుచున్నది.

ఈ సంగతులే ఆ పెద్దమనిషికి వకాలతు పట్టును. ఆయన ఇట్లు చెప్పవచ్చును. “నేను ఏండ్ల తరబడి చదివి, తిరిగి, మోసపోయి ఈ తెలివి సంపాదించితిని. దానికి కూలి అక్కరలేదా? రేపు ధర పడిపోయిన నష్టము నాదే గాని ఆమెది కాదు. నేను రాకపోతే ఆ ఇంజను కొలిమిలో కరిగిపోయియుండును. నేనామెకు మూడింతలిచ్చితిని.” ఇందులో ఒక్క మాటయు అబద్ధము కాదు. మన దేశపు చట్టమును ఆయన పక్షముననే పలుకును. 1872 నాటి ఒడంబడికల చట్టము 17వ సెక్షనులో, ఊరక మౌనముగా నుండుట మోసము కాదనియు, మాటలాడ వలసిన బాధ్యత యున్నచోట మాత్రమే మౌనము మోసమగుననియు ఉన్నది. దానికి చెప్పిన దృష్టాంతములలో ఇద్దరు వర్తకులు కలరు. ధరలు మారనున్నవని ఒకనికి రహస్యముగా తెలిసినను రెండవవానికి చెప్పనక్కరలేదు. లోపము గల గుఱ్ఱమును అమ్మువాని కథయు అక్కడనే యున్నది, వాడు చెప్పకపోయినను మోసము కాదు. అయితే కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన సొంత కుమార్తె యైనయెడల, గుఱ్ఱము లోపమును తండ్రి ఆమెకు చెప్పి తీరవలెను.

ఈ చివరి దృష్టాంతముయొద్ద మేము చాలసేపు ఆగితిమి. పరాయివానియెదుట ఊరకుండవచ్చును, కుమార్తెయెదుట ఊరకుండరాదని చట్టమే గీత గీసినది. ఆ గీతకు ఏ ప్రక్క ఎవరు నిలుతురన్నదే మిగిలిన ప్రశ్న. అమ్మునదియు కొనునదియు సమానమైన తెలివి గల వర్తకులైనప్పుడు, ఒకరినొకరు కనిపెట్టుకొని యుందురు గనుక ఎవరికిని నష్టము లేదు. రహమత్ నగరు సందులోని ఆమె అట్లు కనిపెట్టుకొని లేదు. ఆ పెద్దమనిషి ఆమెను “అమ్మా” అని పిలిచెను. ఆ పిలుపు బేరము కొరకు మాత్రమే అయినయెడల, ఆయన మౌనములోకంటె ఆ పిలుపులోనే ఎక్కువ కపటమున్నదని మా తలంపు.

ఇక్కడ బైబిలు చదువు యౌవనస్థుడొకడు లేచి, మత్తయి సువార్త 13వ అధ్యాయములో పొలమందు ధనము కనుగొన్నవాడు దానిని మరల దాచిపెట్టి, పొలముగలవానికి చెప్పకయే కొనెను గదా యని అడుగవచ్చును. మంచి ప్రశ్న. దీనిని దాటవేయు బోధకులు కలరు. అన్యాయపు గృహనిర్వాహకుని గూర్చి చెప్పినప్పుడు ప్రభువు అతని దొంగలెక్కలను మనకు నేర్పలేదు. ఇక్కడను పొలము బేరమును నేర్పుట లేదు. ఆయన చూపించినది ఆ మనుష్యుని సంతోషమును, తనకున్న సమస్తమును అమ్మివేయుటను. మన పెద్దమనిషి ఏమి అమ్ముకొనెను? జేబులోని చిల్లర.

మరి ఆయన ఏమి చేయవలెను? పూర్తి వెల ఇయ్యవలెనని మేము చెప్పము. ఆయన తెలివికి, ప్రయాసకు, నష్టభయమునకు కొంత మిగులుట న్యాయమే. “ఇది ఇనుము కాదమ్మా, దీనిని కొనువారున్నారు. నేనింత ఇయ్యగలను. కావలెనన్న మరియొకరికి చూపి రమ్ము” అని చెప్పిన చాలును. ఆ మాటతో ఆయనకు బేరము తప్పిపోవచ్చును. తప్పిపోవుననియే గదా ఎవరును చెప్పరు. ఇక యజమానురాలు తెలియక ఇచ్చిన బొమ్మను మన సహోదరి తిరిగి ఇయ్యవలెనా యని అడుగుదురేమో. అది బేరము కాదు, దానము. నిజము తెలిసిన నాడు ఆ యమ్మకు ఒక మాట చెప్పిన మర్యాదగా నుండును, అంతే.

బొమ్మరైలు మన ఊళ్లకు రాదు, పొలము బేరము వచ్చును. నేటి జూబిలీ హిల్సు ఒకప్పుడు బండరాళ్ల గుట్టలు. మదరాసునుండి సినిమా పరిశ్రమ తరలివచ్చుచున్న కాలమున, 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను తెరచినదియు అట్టి రాళ్ల నేలమీదనే. అట్టి మార్పు ఏదైన తమ ఊరికి వచ్చుచున్నదని పట్నమువారికి ముందే తెలియును, పల్లెవారికి కడపట తెలియును. రోడ్డు పడబోవుచున్నదని ఎరిగిన మన సంఘపు పెద్దయే, ఎరుగని తన సంఘపు విధవరాలి ఎకరమును కొనుచున్నాడనుకొనుడి. ఆదివారమున ఆమెను “అక్కా” అని పిలుచు నోరు, సోమవారమున దస్తావేజుయొద్ద ఊరకుండవచ్చునా?

ఆదికాండము 23వ అధ్యాయములో అబ్రాహాము తన భార్యను పాతిపెట్టుటకు మక్పేలా గుహను కొనెను. ఎఫ్రోను ఊరకనే ఇత్తుననెను. అబ్రాహాము ఒప్పుకొనక వెల అడిగెను, నాలుగువందల తులముల వెండి యని చెప్పగా బేరమాడలేదు. ఆ వెండిని అతడు ఇంటి చాటున లెక్కపెట్టలేదు. ఊరి గవినియొద్ద, హేతు కుమారులందరును వినుచుండగా, వర్తకులలో చెల్లునట్టి వెండినే తూచి ఇచ్చెను.