ప్రార్థించండి, ఆలస్యం మాత్రం చేయకండి



జూన్ నెల వస్తే యేసు తిరుహృదయ పటానికి పూలమాల వేసి, కుటుంబమంతా మోకరిల్లి జపిస్తాము. మంచిదే. కాని అదే ఇంట్లో పెద్దాయనకు అర్ధరాత్రి రొమ్ము బరువెక్కి, చెమటలు పోస్తే ఏమంటున్నాము? "గ్యాస్ పట్టిందిలే నాయనా, సోడా తాగి పడుకో" అంటున్నాము. తెల్లవారేసరికి కొన్ని ఇళ్ళలో ఏడుపులే మిగులుతున్నాయి.

గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. తనకు కావలసిన రక్తాన్ని మాత్రం తన మీదుగా పోయే సన్నని నాళాల నుండి తీసుకుంటుంది. ఏళ్ళ తరబడి వాటిలో కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ పొర చిట్లి, రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. అప్పటినుండి గుండె కండరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. చచ్చిన కండరం తిరిగి రాదు. అందుకే మొదటి గంట అంత విలువైనది.

నొప్పి చేతికి, దవడకు, వీపుకు పాకవచ్చు. స్త్రీలకు, చక్కెర జబ్బు ఉన్నవారికి ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, చెమట, నీరసమే కనిపిస్తాయి.

పూర్వం మనవారు గుండె వైద్యానికి వేలూరో, మద్రాసో పోయేవారు. 1993లో తిరుపతిలో స్విమ్స్ సేవలు మొదలైనాయి. 2021లో పసిబిడ్డల కోసం శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచారు. గడ్డను కరిగించే సూదిమందు, నాళాన్ని తెరిచి అమర్చే స్టెంటు, బైపాస్ ఆపరేషన్ ఇప్పుడు మన దగ్గరే ఉన్నాయి. వేలూరు ఆసుపత్రిని 1900లో మొదలుపెట్టినది ఇడా స్కడర్ అనే మిషనరీ. స్విమ్స్ తిరుమల దేవస్థానం అండతో పుట్టింది. ఎవరి చేతుల మీదుగా వచ్చినా స్వస్థత దేవునిదే.

సీరా పుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదవండి. జబ్బు పడినవాడు ప్రార్థించాలి, వైద్యునికీ చోటివ్వాలి, ఆ వైద్యుణ్ణి పుట్టించినది దేవుడే అని అది నేర్పుతుంది. "ప్రార్థన చేయించుకున్నాను, ఇక మాత్రలెందుకు?" అని బి.పి. మందులు మానేయడం విశ్వాసం కాదు, దేవుణ్ణి పరీక్షించడం.

కనుక నొప్పి రాగానే 108కి ఫోన్ చేయండి. రోగిని నడిపించకండి, బండి తోలనీయకండి. పలమనేరు పక్క పల్లె నుండి తిరుపతికి గంటల ప్రయాణం, ముందు ఇ.సి.జి. తీసే దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. జపమాల దారిలో చెప్పుకోవచ్చు.

మన శరీరం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలు కొరింతీయులకు వ్రాశాడు. ఆ ఆలయంలో బీడీ పొగ ఎందుకు? రోజుకు ఒక చెంచా ఉప్పు, అంటే 5 గ్రాములు మించరాదు. ఊరగాయ, అప్పడాలలోని ఉప్పూ ఆ లెక్కలోదే. సంగటి తినండి, ఆకుకూర పెంచండి, నూనె తగ్గించండి. వారంలో ఐదు రోజులు అరగంట చురుకుగా నడవండి. 30 ఏళ్ళు దాటినవారు బి.పి., చక్కెర చూపించుకోండి. అవి పెరిగినా చాలాకాలం నొప్పి తెలియదు.

ఈ ఆదివారం పూజ ముగిశాక పక్కనున్నవారిని ఒక్క మాట అడగండి: "అన్నా, నీ బి.పి. ఎంత?" అది కూడా సోదరప్రేమే.