తెరచిన కాలువ

వాక్యభాగములు: నెహెమ్యా 13:16, యెహెజ్కేలు 47:10



నెహెమ్యా దినములలో తూరువారు చేపలు తెచ్చి యెరూషలేములో అమ్ముచుండిరి. యెహెజ్కేలు ప్రవక్త దేవుడిచ్చు సమృద్ధిని తెలుపుచు మహాసముద్రపు చేపలతో పోల్చెను. ఆ మహాసముద్రమే నేటి మధ్యధరా సముద్రము. తూరు, సీదోను, కుప్ర తీరములలో నేటికిని జాలరులు వలలు వేయుచున్నారు. అయితే ఆ వలలలో పడునవి తాతలనాటి చేపలు మాత్రమే కావు.

1869లో మనుష్యులు సూయజు కాలువను తెరచి ఎఱ్ఱసముద్రమును ఆ సముద్రముతో కలిపిరి. ఓడలకు దారి దగ్గరాయెను. ఆ దారినే ఎఱ్ఱసముద్రపు చేపలును వచ్చెను. కాలువ నడుమనున్న సరస్సుల మిక్కుటమైన ఉప్పు మొదట వాటికి అడ్డుగా నుండెను. కాలక్రమమున ఆ అడ్డు తగ్గెను. ఇప్పుడు భూమి వేడెక్కుటచే సముద్రమును వెచ్చబడుచున్నది. వెచ్చని నీటికి అలవాటైన క్రొత్త చేపలకు అది అనుకూలము. చల్లని నీరు కోరు పాత చేపలకు కష్టము.

క్రొత్తవాటిలో కొన్ని రాళ్లమీది నాచును మేసి బోడిచేయుటచే, అందులో పెరుగు పిల్లచేపలకు ఆశ్రయము లేకపోవుచున్నది. ఆ సముద్రములో 2003లో మొదట కనబడిన యొక చేప వలలను కొరికి, చిక్కిన చేపలను తినివేయును. దాని విషము వండినను పోదు గనుక తినుటకు పనికిరాదు. దానిని పట్టి తెచ్చిన జాలరులకు కుప్ర ప్రభుత్వము తూకము చొప్పున సొమ్ము చెల్లించుచు వచ్చినది.

ఇందులో మనము గ్రహింపవలసినదేమి? చేప దోషి కాదు. అయిదవ దినమున దేవుడు చేసి మంచిదని యెంచినవాటిలో అదియు నొకటి. దాని హద్దు తీసినవాడు మనుష్యుడు. కాలువను పూడ్చుడని నేను చెప్పుటలేదు. అయితే దాని లాభము ఓడల యజమానులకు చేరెను. చినిగిన వలను కుట్టుకొనువాడు ఆ కాలువను త్రవ్వలేదు. సముద్రమును వేడెక్కించిన పొగలో అతని పాలు బహు స్వల్పము.

మన యూళ్లలోను చిన్న కాలువలు గలవు. ఎగువ రైతు తూము ఎత్తునప్పుడు దిగువ పొలమును తలంచుకొనవలెను. పెంచుకొన్న పరదేశపు చేపను కాలువలో విడుచువాడు పొరుగువాని వలను తలంచుకొనవలెను. పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞ, కంటికి కనబడువానికి మాత్రమే గాక, మన నీరు చేరుచోట నున్నవానికిని చెందును.

ఈ నెల కుటుంబ ప్రార్థనలలో ఆ తీరపు జాలరులను, మన తీరపు జాలరులను జ్ఞాపకము చేసికొనుడి. ఏదైనను తెరచుటకు ముందు, దిగువ నున్నదెవరని అడుగుడి. ప్రభువు మనకట్టి మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.