రంతిదేవుడికి ఆకలి తెలుసు, మరి మనకి?

"కోట్ల ఆస్తి ఉన్న నాయకుడికి నెలాఖరున మా ఇంట్లో పడే బాధ ఏం తెలుస్తుంది?" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అభ్యర్థి ఇచ్చే అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు ఉంటాయి. ఆకలి తెలుసా అన్న గడి మాత్రం ఉండదు.

భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడు మహారాజు. ఉన్నదంతా దానం చేసి, కుటుంబంతో సహా 48 రోజులు పస్తున్నాడు. 49వ రోజు కాస్త పాయసం, నీళ్లు దొరికాయి. తినబోతుంటే అతిథులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అందరికీ పెట్టాడు. చివరికి మిగిలిన నీళ్లు కూడా, లోకం దూరం పెట్టిన ఒక మనిషి దాహమంటే ఇచ్చేశాడు. మోక్షం వద్దు, వీళ్ల బాధ నేను మోస్తానన్నాడు.

అంటే రాజుకీ అర్థమవుతుంది. కాకపోతే తన కంచం పక్కకి జరిపినప్పుడే.

ఇక నా సంగతి. చిన్నప్పుడు ఫీజు కట్టలేక క్లాసు బయట నిలబడ్డవాణ్ణి. పోయిన జూన్‌లో మా ఇంట్లో పనిచేసే అక్క, పాప ఫీజుకి అడ్వాన్స్ అడిగితే "వచ్చే నెల చూద్దాంలే" అన్నాను. ఆమె ఏమీ అనలేదు, గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది. పేదరికం చూసిన నేనే మర్చిపోయానే! మర్నాడు ఇచ్చాను, కానీ ఆ మౌనం ఇంకా గుచ్చుతోంది.

ఓటడగడానికి వచ్చినవాళ్లని "సర్కారు ఆసుపత్రి లైన్లో ఎప్పుడైనా నిలబడ్డారా?" అని తప్పకుండా అడగండి. దాంతోపాటు మన కంచం ఈరోజు ఎవరి వైపు జరిగిందో కూడా చూసుకుందాం.

జై శ్రీకృష్ణ.