కరిగిన పంచదార: పదార్థబోధనలో ఒక నైతిక ప్రశ్న

విద్యార్థికి ఇంకా అర్థంకాని సత్యాన్ని అతనిచేత ఒప్పించడం న్యాయమేనా? పాఠశాలలో పదార్థాన్ని గురించి బోధించేవారు ఈ ప్రశ్నను తప్పించుకోలేరు.

మంచు కరుగుతుంది; నీళ్ళలో పంచదారా కరుగుతుంది. వాడుకలో రెండింటికీ ఒకటే క్రియ. శాస్త్రదృష్టిలో మొదటిది ద్రవీభవనం, అంటే ఒకే పదార్థం ఘనస్థితి నుండి ద్రవస్థితికి మారడం. రెండవది ఒక పదార్థపు అణువులు మరొకదాని అణువుల మధ్య వ్యాపించడం. పైగా ‘కరిగిపోవడం’లో నశించడమనే ఛాయ ఉంది; ఆస్తి కరిగిపోయిందంటే మిగలలేదనే అర్థం. కనుక పంచదార లేకుండా పోయిందనే విద్యార్థి మాట తెలివితక్కువతనం కాదు. అది కన్నూ భాషా కలిసి ఇచ్చిన సాక్ష్యం.

ఇది తెలుగు పిల్లలకే పరిమితం కాదు. పియాజే, ఇన్‌హెల్డర్‌లు 1941లో ప్రచురించిన గ్రంథంలో ఈ పంచదార ప్రయోగమే ఉంది. కరిగినా పదార్థం నిలిచి ఉంటుందని పిల్లలు ముందు గ్రహిస్తారనీ, బరువు, ఘనపరిమాణాల విషయం క్రమంగా ఆ తరువాత గ్రహిస్తారనీ వారు నిరూపించదలచారు.

‘పదార్థం’ అనే మాట సైతం స్వయంస్పష్టం కాదు. అన్నంభట్టు తర్కసంగ్రహంలోని ఏడు పదార్థాలలో అభావం కూడా ఒకటి. నేటి పాఠ్యపుస్తకంలోనో, ద్రవ్యరాశి కలిగి స్థలాన్ని ఆక్రమించేదే పదార్థం.

‘పంచదార అణువులు నీటి అణువుల మధ్య చేరాయి’ అని రాసిన విద్యార్థికి మార్కులు వస్తాయి. అతడే మంచులోని అణువులు కూడా కరిగి నీరవుతాయని నమ్మవచ్చు. ఆ రెండు భావాలకూ అతని మనసులో సంబంధం ఏర్పడలేదు. అయినా ఒకటి మాత్రం నేర్చుకున్నాడు: తన కన్నును నమ్మరాదు, పుస్తకపు మాటను పరీక్షించనక్కరలేదు. నైతికహాని ఇక్కడే ఉంది.

ప్రతి విద్యార్థీ ప్రతి సత్యాన్నీ స్వయంగా కనుగొనలేడు గదా, శబ్దమూ ప్రమాణమే గదా అని ఆక్షేపించవచ్చు. నిజమే. కాని ఆప్తుని మాట అనుభవాన్ని నోరుమూయించరాదు. దానికి దారి చూపాలి. 100 గ్రాముల నీటిలో 10 గ్రాముల పంచదార కలిపి తూచితే 110 గ్రాములే తూగుతుంది. లేదని కన్ను అంటుంది; ఉందని నాలుకా త్రాసూ అంటాయి. ప్రత్యక్షానికి ప్రత్యక్షమే ఎదురు నిలిచినప్పుడు అనుమానం అవసరమవుతుంది. అప్పుడు అణువు విద్యార్థి స్వయంగా అడిగిన ప్రశ్నకు సమాధానంగా వస్తుంది.

కాబట్టి అర్థంకాని సత్యాన్ని చెప్పడం అన్యాయం కాదు. ప్రశ్న పుట్టకముందే దానిని ఒప్పించి, ఆ ఒప్పుకోలును జ్ఞానంగా లెక్కించడం అన్యాయం.